వాచీ కోసం ఇంకో వెబ్‌సైటు కట్టాలా?

ప్రశ్న: నెల్లూరులో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిస్తుంటాను. ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనే వ్యాపారి ఒకాయనకు రోజువారీ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్లు పెట్టే సైటు చేశాను. పైన మూడు ఫొటోల స్లైడర్, కింద రేట్ల పట్టిక, ఫోన్ నంబరు, వాట్సాప్ బటన్ ఉంటాయి. ఈమధ్య ఆయన స్మార్ట్‌వాచీ కొన్నారు. "ఇంత పెట్టి వాచీ కొంటే మన సైటు దీంట్లో రాదంటే ఎట్టబ్బాయా? రైతులు కూడా వాచీలు పెట్టుకుంటున్నారు, వాళ్ల చేతి మీదనే రేటు కనపడేట్టు చెయ్" అంటున్నారు. వాచీకి విడిగా డిజైన్ చెయ్యాలా? దానికి విడిగా డబ్బు అడగొచ్చా? టెస్ట్ చెయ్యడానికి ఏ వాచీ కొనాలి? రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గితే వాచీకి అలర్ట్ రావాలని కూడా అడుగుతున్నారు. అది అయ్యే పనేనా?
— ఒక వెబ్ డెవలపర్, నెల్లూరు

సమాధానం: వాచీకి విడిగా డిజైన్ అక్కర్లేదు. ఆ పేరుతో డబ్బు తీసుకోవడం కూడా సరికాదు, ఆ డబ్బుకు తగిన ఫలితం మీరు చూపించలేరు. అలాగని మీ వ్యాపారి కోరికను కొట్టిపారెయ్యకండి. గట్టు మీద నిలబడి మేత చల్లే రైతు, తడి చేత్తో జేబులో ఫోన్ తియ్యకుండా, మణికట్టు తిప్పి ఇవాళ 100 కౌంట్ ఎంతో చూసుకోవాలి. ఆయన కోరుతున్నది ఇదే, ఇది అయ్యే పనే. సైటు పేజీని వాచీలోకి ఎక్కించాలని చూస్తే మాత్రం అవ్వదు. రేటును ఒక్క లైను నోటిఫికేషన్‌గా పంపితే అవుతుంది. పేజీ మీద మీరు పెట్టాల్సిన శ్రమ చాలానే ఉంది, కానీ అదంతా ఫోన్ కోసం.

ముందు రైతుల చేతులకు ఏ వాచీలు ఉన్నాయో చూడండి. నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ లాంటి కంపెనీల రెండు మూడు వేల రూపాయల వాచీలే ఎక్కువగా కనపడతాయి. వీటిలో చాలావాటికి ఆండ్రాయిడ్ ఉండదు. చిన్న చిప్ మీద నడిచే ఆర్‌టీఓఎస్ అనే తేలికపాటి వ్యవస్థ ఉంటుంది. ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి రావడానికి అదే కారణం, బ్రౌజర్ లేకపోవడానికీ అదే కారణం. ఇలాంటి వాచీ తనంతట తాను ఇంటర్నెట్‌కు వెళ్లలేదు. ఫోన్‌లో వేసుకున్న కంపెనీ యాప్ నోటిఫికేషన్లను చదివి, అందులోని అక్షరాలను బ్లూటూత్ మీద వాచీకి పంపిస్తుంది. మీరు పేజీ రూపం కోసం ఎంత మంచి సీఎస్ఎస్ రాసినా వీటికి ఒక్క ముక్క కూడా చేరదు.

వీటిలో ఇంకో చిక్కు తెలుగు. వాచీలో తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనపడతాయి. ఫాంట్ ఉన్నా, గుణింతాన్నీ ఒత్తునీ హల్లుకు అతికించే ఏర్పాటు లేకపోతే "రొయ్య" అన్న మాటలో యవత్తు అతుక్కోకుండా విడిగా నిలబడుతుంది. మోడల్ మోడల్‌కీ తేడా ఉంటుంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే, దుకాణంలోనే జత చేసి, వాట్సాప్‌లో ఒక తెలుగు మెసేజ్ పంపించుకుని చూడాలి.

ఖరీదైన వాచీల సంగతి వేరు. గూగుల్ వాచీల వ్యవస్థ వేర్ ఓఎస్‌తో వచ్చే శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాతి మోడళ్లలో శాంసంగ్ ఇంటర్నెట్ బ్రౌజర్ వేసుకోవచ్చు. అయితే యాప్ లోపల పేజీని చూపించే వెబ్‌వ్యూ వేర్ ఓఎస్‌లో లేదు. ఫోన్‌కు చేసినట్టు సైటునే యాప్‌గా చుట్టి ఇచ్చే ఉపాయం ఇక్కడ పారదు. పైగా తెర గుండ్రం. గుండ్రంలో ఇమిడే చతురస్రం వైశాల్యం మొత్తం తెరలో సుమారు 64 శాతమే. ఎడమ మూల లోగో, కుడి మూల మెనూ పెట్టే మన అలవాటుకు అక్కడ చోటే లేదు.

ఆపిల్ వాచ్‌లో సఫారీ యాప్ లేదు గానీ, 2018లో వచ్చిన వాచ్‌ఓఎస్ 5 నుంచి మెసేజ్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన లింకు నొక్కితే పేజీ తెరుచుకుంటుంది. అది పేజీని 320 పిక్సెళ్ల వెడల్పుకు అమర్చి, తర్వాత వాచీ వెడల్పుకు కుదిస్తుంది. 44 మిల్లీమీటర్ల వాచీ తెర వెడల్పు 184 పాయింట్లు. అంటే మీరు 16 అనుకున్న అక్షరం 9 దగ్గరకు వచ్చేస్తుంది. ఇంగ్లీష్ అయితే కళ్లు చికిలించి చదవొచ్చు. తెలుగులో ఒత్తులు నలిగిపోతాయి. ఈ కుదింపు వద్దనుకుంటే డిజేబుల్డ్-అడాప్టేషన్స్ అనే పేరుతో ఒక మెటా ట్యాగ్ పెట్టి, దాని కంటెంట్‌లో వాచ్ అని రాయాలి. అప్పుడు పేజీ వాచీ అసలు వెడల్పుకే అమరుతుంది, ఆ వెడల్పుకు సరిపడే సీఎస్ఎస్ మీరు రాసుకోవాలి. ఈ సౌకర్యం వచ్చినప్పుడే ఆపిల్ కొన్ని హద్దులు చెప్పింది: వెబ్ ఫాంట్లు రావు, వీడియో ఆడదు, సర్వీస్ వర్కర్ (పేజీ మూసేసినా బ్రౌజర్ వెనకాల నడిచే కోడ్) నడవదు. పొడుగు వ్యాసాలను అది తనే రీడర్ రూపంలోకి మార్చి చూపిస్తుంది. ఆర్టికల్, హెచ్1, పి లాంటి అర్థమున్న ట్యాగులు వాడిన పేజీ అక్కడ శుభ్రంగా వస్తుంది, అన్నీ డివ్‌లతో కట్టిన పేజీ తడబడుతుంది.

మీ వ్యాపారి వాచీ ఈ రెండు రకాల్లో ఒకటైతే రేట్ల పేజీని ఒకసారి తెరిచి చూపించండి, ముచ్చట తీరుతుంది. అంతకుమించి దాని మీద ఒక్క గంట కూడా పెట్టొద్దన్నది నా గట్టి అభిప్రాయం. పేజీ చూడాలంటే రైతు ముందు లింకు వెతకాలి, నొక్కాలి, సగం తెర వేలి కిందే దాక్కుంటుంటే పైకీ కిందకీ జరపాలి. అంతసేపట్లో ఫోన్ తీసి చూసుకోవచ్చు.

ఇక నోటిఫికేషన్ సంగతి. రొయ్యలు కొనేవాళ్లు రేట్లు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మామూలే. మీ వ్యాపారి ఎలా పెడుతున్నారో అడగండి. కంపెనీ పేరు, రొయ్య బొమ్మ, రంగుల పట్టికతో ఒక ఫొటో తయారు చేసి పెడుతుంటే, రైతు వాచీలో కనపడేది "ఫొటో" అన్న ఒక్క మాటే. అవే రేట్లను టైప్ చేసి పెడితే వాచీకి రేట్లే వస్తాయి. కోడ్ రాయకుండా, రూపాయి ఖర్చు లేకుండా ఆయన అడిగిన దాంట్లో సగం ఇక్కడే తీరిపోతుంది. ఫొటో ఉండి తీరాలంటే రేట్లను దాని క్యాప్షన్‌లో రాయమనండి. ఇంకో మాట: శుభోదయాలూ పండగ శుభాకాంక్షలూ పడే గ్రూపును జనం మ్యూట్ చేసుకుంటారు, మ్యూట్ చేసిన గ్రూపుకు వాచీ మోగదు. రేట్లకు విడిగా, అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసే గ్రూపు ఉండాలి.

మెసేజ్‌లో మొదటి మాట ఏదన్నదే అన్నిటికన్నా ముఖ్యం. వాచీ తెర మీద ముందు పంపినవాళ్ల పేరు, దాని కింద రెండు మూడు లైన్లు కనపడతాయి. "రైతు సోదరులకు నమస్కారం, ఈ రోజు రొయ్యల ధరలు ఈ క్రింది విధంగా ఉన్నాయి" అని మొదలుపెడితే ఆ మర్యాదకే తెర సరిపోతుంది. అంకెతో మొదలుపెట్టాలి. ఇలా (రేట్లు ఉదాహరణకే):

100-240 80-265 60-300 40-365 30-430

ఖాళీలతో కలిపి 35 అక్షరాలు. మొదటి అంకె కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. రెండోది కిలో రేటు. గుంటలున్న ఏ రైతుకూ దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. తెలుగు రాని వాచీలో కూడా అంకెలు డబ్బాలైపోవు. దీని తర్వాత తేదీ, వేళ. బండి ఎవరిది, డబ్బు ఎన్ని రోజులకు లాంటి షరతులు ఆ కింద. అవి ఫోన్‌లో చదువుకునేవి.

ఎస్ఎంఎస్ పంపాలనుకుంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో సంస్థ పేరు, హెడర్ (పంపినవాళ్ల పేరుగా కనపడేది), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే నమోదు చేయించాలి. పంపిన మెసేజ్ టెంప్లేట్‌తో సరిపోలకపోతే రైతుకు చేరకుండానే ఆగిపోతుంది. అంకెలు, ఇంగ్లీష్ అక్షరాలే ఉంటే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం యూనికోడ్‌కు మారి 70కి పడిపోతుంది. రూపాయి గుర్తు ₹ కూడా ఆ పాత అక్షరాల పట్టికలో లేదు, అది పెట్టినా 70కే వస్తుంది. పైగా తెలుగులో లెక్క కంటికి కనపడినట్టు ఉండదు. "నెల్లూరు" కంటికి మూడు అక్షరాలు, ఎస్ఎంఎస్ లెక్కలో ఎనిమిది: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. రెండు లైన్ల తెలుగు మెసేజ్ సులువుగా రెండు ఎస్ఎంఎస్‌లవుతుంది, బిల్లూ రెండింతలవుతుంది. రేట్లు అంకెల్లోనే పంపమనడానికి ఇది ఇంకో కారణం.

సైటు నుంచే పంపాలంటే, బ్రౌజర్ ద్వారా నోటిఫికేషన్ పంపే వెబ్ పుష్ ఉంది. హెచ్‌టీటీపీఎస్ ఉన్న సైటు, సర్వీస్ వర్కర్, పంపేది మీ సైటేనని రుజువు చేసే వేపిడ్ కీల జత, అనుమతి ఇచ్చిన రైతుల సబ్‌స్క్రిప్షన్లు దాచే ఒక టేబుల్ ఉంటే చాలు. పేజీ తెరవగానే అనుమతి అడగొద్దు. చదవకుండానే "బ్లాక్" నొక్కేస్తారు, ఆ తర్వాత మళ్లీ అడిగే వీలు మీకుండదు, రైతే బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాలి. రేట్ల పట్టిక కింద "రోజూ రేటు ఫోన్‌కు పంపమంటారా?" అని ఒక బటన్ పెట్టి, దాన్ని నొక్కాకే అడగండి. ఐఫోన్‌లో 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి వెబ్ పుష్ పనిచేస్తుంది, అదీ సైటును హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న వాళ్లకే.

పంపేటప్పుడు టీటీఎల్, అంటే చేరని నోటిఫికేషన్‌ను ఎంతసేపు నిలిపి ఉంచాలన్న గడువు, తప్పకుండా ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే కొన్ని లైబ్రరీలు నాలుగు వారాలు పెట్టేస్తాయి. రైతు ఫోన్ రెండు రోజులు ఆఫ్‌లో ఉండి మళ్లీ వెలిగితే పాత రేటు ఇవాళ్టి రేటులా మోగుతుంది, దాన్ని నమ్మి రొయ్యల పట్టుబడి పెట్టుకుంటే ఆ గొడవ మీ వ్యాపారి గుమ్మానికి వస్తుంది. ఆరు గంటలు, అంటే 21600 సెకన్లు చాలు. నోటిఫికేషన్‌కు "రేటు" అని ఎప్పుడూ ఒకటే ట్యాగ్ ఇస్తే మధ్యాహ్నం సవరించిన రేటు పొద్దుటి దాని స్థానంలో వచ్చి కూర్చుంటుంది. అయితే అలా మారినప్పుడు ఫోన్ మళ్లీ మోగాలంటే రీనోటిఫై అనే ఆప్షన్‌ను ట్రూ చెయ్యాలి. ఇది మరిచిపోతే సవరించిన రేటు చప్పుడు లేకుండా వచ్చి పడి ఉంటుంది.

వాచీకి రావట్లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు సైటును అనుమానించే ముందు ఫోన్ చూడండి. బ్యాటరీ ఆదా చెయ్యడానికి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వాచీ కంపెనీ యాప్‌ను వెనకాల నిద్రపుచ్చేస్తాయి. ఆ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్‌లో పరిమితి తీసేయాలి, ఆటోస్టార్ట్ ఉన్న ఫోన్లలో అది ఆన్ చెయ్యాలి, నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వాలి. ఆ యాప్ లోపల ఏ యాప్‌ల నోటిఫికేషన్లు వాచీకి పంపాలో ఒక జాబితా ఉంటుంది. వాట్సాప్‌కు టిక్ పెట్టి క్రోమ్‌ను వదిలేయడం అందరూ చేసే పొరపాటు. వెబ్ పుష్ క్రోమ్ పేరు మీదే వస్తుంది కాబట్టి ఆ టిక్ లేకపోతే వాచీ దాకా రాదు. ఐఫోన్, ఆపిల్ వాచ్ వాడేవాళ్లయితే, ఫోన్ అన్‌లాక్ చేసి చేతిలో ఉన్నంతసేపూ నోటిఫికేషన్ ఫోన్‌కే వస్తుంది, వాచీకి రాదు. మీ వ్యాపారికి చూపించేటప్పుడు ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకోమనండి. లేకపోతే ఆయన ఎదుటే మీ పని పాడైనట్టు కనపడుతుంది.

ఇప్పుడు పేజీ. ఆ స్లైడర్ తీసెయ్యండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ సైటుకు ఎక్కువ హాని చేస్తున్నది అదే. మూడు పెద్ద ఫొటోలు దిగేదాకా రైతు రేటు కోసం కాచుకోవాలి. సముద్రం వైపు గుంటల దగ్గర సిగ్నల్ ఒకటి రెండు గీతలు దాటని చోట్లు ఉంటాయి. రేట్ల పట్టిక మొదటి తెర మీదే ఉండాలి. దానికి పైన ఉండాల్సింది ఒక్కటే, రేటు పెట్టిన తేదీ, వేళ. వ్యాపారి ఫొటో, కంపెనీ చరిత్ర, ప్లాంటు ఫొటోలు కావాలంటే కింద పెట్టండి, వాటికి లేజీ లోడింగ్ (అక్కడిదాకా జరిపినప్పుడే దిగే ఏర్పాటు) ఇవ్వండి, ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు రాయండి. అవి రాయకపోతే ఫొటో దిగిన క్షణాన కింది బటన్లు ఒక్కసారిగా జారి, వాట్సాప్ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది.

డిజైన్ కొలత 320 పిక్సెళ్లు. అడ్డంగా జరపాల్సిన అవసరం లేకుండా పేజీ ఆ వెడల్పులో ఇమడాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1 నిబంధనలు చెబుతాయి. ఆపిల్ వాచ్ అమర్చేదీ అదే వెడల్పుకు. ఈ ఒక్క కొలతకు శుభ్రంగా ఉంటే చిన్న ఫోన్‌కూ, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే పెద్దవాళ్లకూ, వాచీకీ కలిపి సరిపోతుంది. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో 320 వెడల్పు, 568 ఎత్తు పెట్టి పేజీ తెరవండి. చాలా సైట్లలో అక్కడ కనపడేది ఇది: పైన అతుక్కుపోయిన హెడర్, కింద అతుక్కుపోయిన కాల్ పట్టీ, మూలన వాట్సాప్ బుడగ, మధ్యలో మిగిలిన నాలుగు లైన్ల సందులో అసలు విషయం. మూడింట్లో ఒక్కటే ఉంచండి. రొయ్యల వ్యాపారికి కాల్ పట్టీ చాలు, అందులోనే వాట్సాప్ కూడా పెట్టొచ్చు.

పట్టికను నిజమైన టేబుల్ ట్యాగ్‌తోనే కట్టండి. కౌంట్, రేటు, నిన్నటికి తేడా, ఈ మూడు నిలువు వరసలు 320లో హాయిగా పడతాయి. భీమవరం రేటు, ఎగుమతి రేటు అంటూ నాలుగోది, అయిదోది చేర్చమంటారు. అవి వేరే పేజీలోకి పోవాలి. అంకెలు కుడి వైపుకు ఆనాలి, అన్ని అంకెలూ ఒకే వెడల్పులో ఉండేలా ఫాంట్-వేరియంట్-న్యూమరిక్‌కు టాబ్యులర్-నమ్స్ ఇవ్వండి. అప్పుడు 265, 300 ఒకదాని కింద ఒకటి సూటిగా నిలబడి చూపు జారదు. పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు రంగు పెట్టి ఊరుకోవద్దు, +5 అనో -10 అనో రాయండి. మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఎండలో రంగులు తేలిపోతాయి, రంగుల తేడా తెలియని కళ్లూ ఉంటాయి. తెల్లటి వెనకవైపు మీద నలుపు అక్షరాలు, ఎక్కడా కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా) 7కి తగ్గకూడదు. నిబంధన ప్రకారం 4.5 చాలు, కానీ ఎండలో చదివేవాళ్లకు అది చాలదు.

తెలుగు అక్షరాల విషయంలో ఇంగ్లీష్ థీమ్‌లు చేసే చెడుపు గమనించాలి. లైన్ హైట్ 1.2 ఉంటే పై లైను ఒత్తులు కింది లైను గుడిదీర్ఘాలకు తగులుతాయి. 1.6 నుంచి 1.8 మధ్య పెట్టండి. బటన్‌కు ఎత్తును పిక్సెళ్లలో బిగించి, బయటికొచ్చింది దాచెయ్యమని రాసి ఉంటే "ఇవ్వాల్టి" లో టవత్తు కింద తెగిపోతుంది. ఎత్తు బదులు ప్యాడింగ్ ఇస్తే ఆ బాధ ఉండదు. లెటర్ స్పేసింగ్ సున్నా చెయ్యండి. ఇంగ్లీష్ హెడ్డింగులకు అందం తెచ్చే ఆ ఎడం తెలుగు మాటను ముక్కలు చేస్తుంది. మందలి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లకు ఒకే మందం ఉంటుంది. వాటిని బోల్డ్ చేస్తే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేసి చూపిస్తుంది, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. హెడ్డింగు 32 పిక్సెళ్లుంటే 320 తెరలో పది పన్నెండు అక్షరాలకే లైను నిండిపోతుంది, తెలుగు మాటలేమో పొడుగు. 22 లేదా 24 చాలు. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ విలువ తెలుగుకు మార్చడం మరవకండి.

రేట్ల పేజీకి అసలు వెబ్ ఫాంటే వద్దని నా సలహా. ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ఎలాగూ ఉన్నాయి. ఫాంట్ లేదు, స్లైడర్ లేదు అంటే ఆ పేజీ మొత్తం 100 కేబీలోపు వచ్చేస్తుంది. సిగ్నల్ సరిగా లేని చోట కూడా అంకె ముందుగా కనపడుతుంది.

ఈ సైటుకు అన్నిటికన్నా ప్రమాదం పాత రేటు. ఏదో వేగం పెంచే ప్లగిన్ వేసి హెచ్‌టీఎంఎల్‌ను ఒక రోజు క్యాష్ చేస్తే (కాపీగా దాచి ఉంచితే), వ్యాపారి రేటు మార్చినా రైతుకు నిన్నటిదే కనపడుతుంది, ఇద్దరి మధ్యా మాటామాటా వస్తుంది. పేజీకి క్యాష్-కంట్రోల్ నో-క్యాష్ ఇవ్వండి. అంటే బ్రౌజర్ ప్రతిసారీ సర్వర్‌ను అడిగి, మారకపోతేనే పాతది వాడుతుంది. సీఎస్ఎస్, ఫొటోలను మాత్రం పేరులో వెర్షన్ పెట్టి ఏడాది పాటు దాచుకోనివ్వండి. పుష్ కోసం రాసిన సర్వీస్ వర్కర్ రేట్ల పేజీని ఆఫ్‌లైన్ కాపీగా దాచకుండా చూసుకోండి. దాచి తీరాలంటే ఎప్పటి రేటో పైన పెద్ద అక్షరాల్లో చూపించాలి.

బటన్లు 48 పిక్సెళ్ల ఎత్తు, మధ్య 8 పిక్సెళ్ల ఎడం ఉండాలి. నీటి చుక్క కూడా తెరకు వేలిలాగే తగులుతుంది, అందుకే తడి చేత్తో నొక్కితే పక్క బటన్ పడుతుంది. ఫోన్ నంబరు +91తో టెల్ లింకుగా ఉండాలి. నంబరు అడిగే పెట్టెలో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్ దానంతట అదే పేజీని జూమ్ చేసి చికాకు పెడుతుంది.

ఆక్సిజన్ అలర్ట్ సంగతి జాగ్రత్తగా ఆలోచించండి. వెనామీ రకం రొయ్యల గుంటలో కరిగిన ఆక్సిజన్ 4 పీపీఎంకు తగ్గకుండా చూసుకుంటారు. అది అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున, రాత్రంతా నీళ్లలోని నాచూ రొయ్యలూ కలిసి వాడేశాక. అలర్ట్ మోగాల్సిన వేళ సరిగ్గా అదే. ఆ వేళకు వాచీ నిద్ర మోడ్‌లో ఉండి నోటిఫికేషన్లను నోరు మూయించి ఉంటుంది, లేదా చార్జింగ్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ డోజ్ అనే బ్యాటరీ ఆదా స్థితిలోకి వెళ్లి మామూలు పుష్‌లను ఆలస్యం చేస్తుంది. పగలైనా బ్లూటూత్ పది మీటర్ల దాకానే నమ్మకం. ఎకరం గుంట ఒక పక్క అరవై మీటర్లకు పైనే ఉంటుంది. ఫోన్ మోటారు షెడ్డులో చార్జింగ్‌కు పెట్టి అవతలి గట్టుకు నడిస్తే వాచీకి ఏదీ రాదు. సెన్సార్‌కు పాచి పట్టి తప్పు లెక్క చూపించడం దీనికి అదనం. ఇన్ని కొక్కేలున్న గొలుసుకు గుంటలోని సరుకంతా వేలాడదియ్యడం తగదు. షెడ్డులో సైరన్, కరెంటు పోగానే లేదా ఆక్సిజన్ తగ్గగానే ఫోన్‌కు కాల్ చేసే, సిమ్ కార్డుతో నడిచే జీఎస్ఎం పరికరం ఉండాలి. ఆ కాల్ నంబరును ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ నుంచి మినహాయించాలి. కాల్ వాచీలో కూడా మోగితే సంతోషం. దీన్ని వెబ్‌సైటు పనిలో భాగంగా మీరు ఒప్పుకోవద్దు. అది పరికరాలు అమర్చేవాళ్ల పని. ఆ సెన్సార్ లెక్కలు మీ సైటులో గ్రాఫ్‌గా చూపించడం వరకు మీరు చెయ్యొచ్చు.

టెస్ట్ చెయ్యడానికి ఆపిల్ వాచ్ కొనక్కర్లేదు. రైతులు పెట్టుకునే రకం రెండు మూడు వేల వాచీ ఒకటి కొనండి. నోటిఫికేషన్ ఎన్ని అక్షరాల దగ్గర తెగుతోంది, తెలుగు వస్తోందా లేదా అన్నవి దాంతోనే తేలతాయి. గుండ్రటి తెర ఎలా ఉంటుందో చూడాలంటే ఆండ్రాయిడ్ స్టూడియోలో, కంప్యూటర్ మీదే వాచీని అనుకరించే వేర్ ఓఎస్ ఎమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. వాచీకి సొంత యాప్ చేసిస్తామని ఎవరైనా మీ వ్యాపారిని ఊదరగొడితే వద్దని చెప్పండి. స్టోర్ ఖాతాలకే గూగుల్‌కు ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, రైతుల చేతులకున్న మామూలు వాచీల్లో అది ఎక్కనే ఎక్కదు.

డబ్బు అడగాల్సిన పని ఒకటుంది, అది మీరు చేసిస్తే ఆయన రోజూ మెచ్చుకుంటారు. రేట్లు ఎక్కించే పేజీ. ఆయన ఫోన్‌లో అయిదు పెట్టెలు, ఒక్కో కౌంట్‌కు ఒకటి, నిన్నటి రేటు లేత అక్షరాల్లో పక్కనే. నింపి ఒక్కసారి నొక్కితే సైటులో పట్టిక మారాలి, వెబ్ పుష్ వెళ్లాలి, ఆ 35 అక్షరాల లైను సిద్ధంగా ఉన్న వాట్సాప్ తెరుచుకోవాలి. వాట్సాప్ లింకులో నంబరు ఇవ్వకుండా టెక్స్ట్ మాత్రం ఇస్తే ఎవరికి పంపాలో అడుగుతుంది, గ్రూపును ఎంచుకుంటే చాలు. పంపే ముందు తప్పులు పట్టే కాపలా పెట్టండి. నిన్నటికంటే పది శాతానికి మించి తేడా వస్తే "265 బదులు 2650 పడిందేమో చూడండి" అని ఆపాలి. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు పెరగాలి. 30 కౌంట్ రేటు 40 కౌంట్ కంటే తక్కువ పడితే అది రెండు పెట్టెలు తారుమారైన గుర్తు, అక్కడా ఆపి అడగాలి. తప్పు రేటు ఒకసారి రైతు చేతి మీద మోగాక వెనక్కి తీసుకునే వీలు లేదు కాబట్టి ఈ కాపలాకు పెట్టే రోజు పనికి మీరు నిస్సంకోచంగా బిల్లు వెయ్యండి.